మీకు తెలుసా? డప్పులా మోగే బండ

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ చెవితో కొనేది. కుండను ఎడమ అరచేతి మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో నడుం దగ్గర రెండుసార్లు తట్టేది. ఖంగుమంటే బేరం మొదలయ్యేది. చప్పగా, బొదబొదగా పలికితే పక్కన పెట్టేసేది. కంటికి కనబడని బీట ఎక్కడో ఉందన్నమాట. కుండలమ్మే ఆయన కూడా ఆ తీర్పుకు ఎదురు చెప్పేవాడు కాదు, ఇంకో కుండ అందించేవాడు.

అజర్‌బైజాన్‌లోని గోబుస్తాన్ గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ వేలి కణుపే గుర్తొస్తుంది. అక్కడి రాతి బొమ్మలను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వెళతారు. ఆ బొమ్మలున్న చోటే, తడితే పలికే బండ కూడా ఉంది. బొమ్మలు చెక్కిన చేతులు పోయాయి, వాళ్లు మాట్లాడుకున్న భాష పోయింది, వాళ్ల దేవుళ్ల పేర్లు పోయాయి. బండ గొంతు మాత్రం పోలేదు. ఈసారి కబుర్లన్నీ ఆ బండ చుట్టూనే.

డప్పురాయి

కాస్పియన్ సముద్రానికి పడమటి ఒడ్డున, బాకు నగరం నుంచి నైరుతిగా 60 కిలోమీటర్ల చిల్లర పోతే గోబుస్తాన్ వస్తుంది. వాన అరుదైన ఎండు నేల, గాలికి వంగిన ముళ్లపొదలు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి పడి ఉన్న సున్నపురాతి బండల గుట్టలు. అక్కడి మాటలో 'గోబు' అంటే వాన నీళ్లు కోసేసిన పల్లం. రాయలసీమ వాళ్లయితే 'వంకల సీమ' అని పేరు పెట్టేవాళ్లేమో.

అజర్‌బైజానీ భాషలో 'దాష్' అంటే రాయి. 'గావల్' అంటే మన డప్పు కుటుంబానికి చెందిన వాయిద్యం, గుండ్రటి చెక్క చట్రానికి ఒక పక్క తోలు బిగించినది. మోగే బండను అక్కడి వాళ్లు గావల్ దాష్ అంటారు. డప్పురాయి అన్నమాట.

ఆ గావల్ గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. అజర్‌బైజాన్ శాస్త్రీయ సంగీతాన్ని ముఘామ్ అంటారు. సంప్రదాయ కచేరీలో ముగ్గురే కూర్చుంటారు. ఒకరు తార్ మీటుతారు, ఇంకొకరు కమాంచాను కమానుతో వాయిస్తారు, మూడో మనిషి పాడతారు. గావల్ ఆ పాడే మనిషి చేతిలోనే ఉంటుంది, తన పాటకు తానే లయ వేసుకోవాలి. దానికి పాత పద్ధతిలో బిగించేది చేప తోలు. మన కంజీరకు ఉడుము తోలు వాడినట్టే, వాళ్లు పల్చటి తోలు కోసం నీళ్లలోకి దిగారు. ముఖం పక్కన పట్టుకుని వేళ్లతో మీటేంత సున్నితమైన ఆ వాయిద్యం పేరును తెచ్చి ఒక బండకు పెట్టారంటే, ఆ బండ పలుకు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

చూడటానికి అది పెద్ద పలకలాంటి రాయి, అంతే. కింది రాళ్ల మీద అక్కడక్కడా మాత్రమే ఆని ఉంటుంది, మిగతా ఒడలంతా గాల్లోనే. పిడికిట్లో పట్టేంత గులకరాయి తీసుకుని కొడితే, రాయిని రాయి కొట్టినప్పుడు వచ్చే 'టక్' రాదు. బోర్లించిన గంగాళాన్ని కొట్టినట్టు 'టంగ్' మంటుంది. కొట్టే చోటు జానెడు జరిపితే స్వరం మారుతుంది. ఒక చోట బరువుగా, ఇంకో చోట సన్నగా. అలవాటున్నవాళ్లు రెండు చేతుల్లో రెండు రాళ్లు పట్టుకుని దాని మీద తాళం నడిపిస్తారు. ఆ రికార్డింగ్ మొదటిసారి విన్నప్పుడు నేను వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. రాయి అని ముందే తెలియకపోతే ఇత్తడో కంచో అనుకుంటాం.

రాయి ఎందుకు పలుకుతుంది?

గోబుస్తాన్ చుట్టుపక్కల నేల అడుగున చమురు, సహజవాయువు దండిగా ఉన్నాయి. దగ్గర్లోనే మట్టి అగ్నిపర్వతాలు కూడా ఉన్నాయి. లావా ఉండదు. అడుగునుంచి తన్నుకొచ్చే గ్యాస్‌కు బూడిదరంగు చల్లటి బురద అంబలి ఉడికినట్టు బుడగలు వేస్తూ పొంగుతుంది. అజర్‌బైజాన్‌లో ఇలాంటివి మూడు వందలకు పైనే ఉన్నాయి. అందుకే కాబోలు, ఆ గ్యాస్ ప్రభావం వల్లే బండ మోగుతోందని చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది కానీ, రాయి మోగడానికి గ్యాస్ అక్కర్లేదు. రెండు సంగతులు కుదిరితే చాలు.

ఒకటి, రాయి లోపల బిగువుగా, ఒకే తీరుగా ఉండాలి. దెబ్బ తగిలిన చోట పుట్టిన కంపనం ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డు లేకుండా పోయి తిరిగి రావాలి. మధ్యలో బీట ఉంటే అది అక్కడే చచ్చిపోతుంది. అమ్మ కుండను తట్టి కనిపెట్టింది దీన్నే.

రెండోది, రాయి ఆని ఉన్న తీరు. ఇంట్లో ఇత్తడి పళ్లెం ఉంటే చేసి చూడండి. అరచేతిలో ఆనించి పట్టుకుని చెంచాతో కొడితే 'టప్' మంటుంది. అదే పళ్లేన్ని అంచుకు దారం కట్టి వేలాడదీసి కొడితే ఖంగుమని మోగి, ఆ నాదం కాసేపు గాల్లో నిలుస్తుంది. పళ్లెం అదే, చెంచా అదే, పట్టు మారిందంతే. పొడవాటి పలక కంపించేటప్పుడు ఒళ్లంతా ఒకేలా ఊగదు. రెండు కొసలూ నడిమి భాగమూ బాగా ఊగుతాయి. ఒక్కో కొస నుంచి పొడవులో సుమారు 22 శాతం లోపలికి వస్తే, అక్కడ దాదాపు కదలిక ఉండదు. ఆసరా అలాంటి చోట పడితే కంపనానికి అడ్డు తగలదు. జైలోఫోన్ పలకలను చట్రం మీద ఆనించేది ఆ చోట్లలోనే. గావల్ దాష్ కూడా ఒళ్లంతా నేలకు ఆనించి పడుకుని ఉంటే మామూలు మూగబండే అయ్యేది.

రాయిని తట్టి వినడం మన శిల్పులకు కొత్త కాదు. విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు ఉలితోనో సుత్తితోనో కొట్టి చూస్తారు. శిల్పశాస్త్రాలు రాళ్లను నాదాన్ని బట్టి మూడు జాతులు చేశాయి. గంటలా మోగితే పుంశిల, కంచు తాళంలా పలికితే స్త్రీశిల, నాదం లేకపోతే నపుంసక శిల. దేవుడి విగ్రహానికి మొదటిది, దేవి విగ్రహానికి రెండోది, పీఠాల కింద పునాదికి మూడోది. శాస్త్రం అలా వర్గీకరించడం వెనక పనివాడి అనుభవం ఉంది. నాదం లేని రాయి లోపల పగులు ఉండే అవకాశం ఎక్కువ, ముక్కు చెక్కే రోజున అది బయటపడితే నెలల కష్టం మట్టిపాలవుతుంది.

గోబుస్తాన్ బొమ్మలు బయటపడింది క్వారీ పనిలో

1930లలో గోబుస్తాన్ గుట్టల్లో కంకర కోసం రాయి తవ్వుతున్న కార్మికులకు బండల మీద చెక్కిన బొమ్మలు కనిపించాయి. కబురు పురావస్తు శాస్త్రవేత్తల దాకా వెళ్లింది. 1939-40 నుంచి ఇస్‌హాగ్ జాఫర్‌జాదె అనే పండితుడు అక్కడ పని మొదలుపెట్టాడు. బండ వెంట బండ ఎక్కి, ఒక్కో బొమ్మనూ నకలు తీసి, వరస సంఖ్యలు వేసుకుంటూ పోయాడు. ఏళ్ల తరబడి సాగిన ఆ పనిలో ఆయన నమోదు చేసినవి 750 బండలు, వాటి మీద 3,500 దాకా బొమ్మలు. ఆయన తర్వాత జాఫర్‌గులు రుస్తమోవ్, ఫిరూజా మురాదోవా ఆ లెక్కను పెంచుకుంటూ పోయారు. ఇప్పుడది 6,000 దాటింది.

1966లో ఆ ప్రాంతాన్ని ప్రభుత్వం రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 2007లో యునెస్కో 537 హెక్టార్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో మూడు గుట్టల ప్రాంతాలున్నాయి. బోయుక్‌దాష్ అంటే పెద్దరాయి, కిచిక్‌దాష్ అంటే చిన్నరాయి. మూడోది జింగిర్‌దాగ్, దాన్ని ఆనుకున్న దిబ్బ పేరు యాజిలితెపె, అంటే 'రాసి ఉన్న దిబ్బ'. పండితులు వచ్చి జాబితా వేసేలోపే అక్కడి వాళ్ల నోట్లో ఆ రాతల సంగతి ఉందని ఈ పేరే చెబుతోంది. అజర్‌బైజాన్ 5 మనాత్‌ల నోటు చేతికొస్తే వెనక్కి తిప్పి చూడండి, గోబుస్తాన్ బొమ్మలు దాని మీద కూడా ఉంటాయి.

ఎద్దులు, ఆడవాళ్లు, ఒక గొలుసు

బొమ్మల్లో మొదట కళ్లను పట్టేసేది ఎద్దు. మన ఎద్దు కాదు, ఆరోక్స్ అనే అడవి ఎద్దు. ఇప్పటి పశువులకు ముత్తాత, ముందుకు వంగిన పెద్ద కొమ్ములు, కొండలాంటి భుజాలు. ఆ జాతిలో చివరిది 1627లో పోలండ్ అడవిలో చనిపోయింది. భూమ్మీద ఇక ఎవరూ చూడలేని జంతువును, రోజూ చూసినవాళ్లు చెక్కిన బొమ్మ ఇది. పొట్ట ఎంత వేలాడాలో, మెడ ఎక్కడ వంగాలో వాళ్లకు తెలుసు. వెంటాడేవాడికి తెలిసినంతగా చిత్రకారుడికి కూడా తెలియదు, ఇక్కడ ఇద్దరూ ఒకడే.

జింకలున్నాయి, అడవి మేకలున్నాయి, విల్లు పట్టిన వేటగాళ్లున్నారు. బొమ్మల్లో కనిపించే జెయ్‌రాన్ జింక ఇంకా బతికే ఉంది. గోబుస్తాన్‌కు దక్షిణంగా అదే తీరం వెంట ఉన్న షిర్వాన్ నేషనల్ పార్కులో మందలు మందలుగా తిరుగుతోంది.

ఒకే బండ మీద బొమ్మ మీద బొమ్మ పడి ఉండటం అక్కడ మామూలే. ఒక ఎద్దు నడుము మీదుగా ఇంకో జంతువు కాలు పోతుంది. కావలసినంత ఖాళీ పక్క బండల మీద ఉన్నా మళ్లీ మళ్లీ అదే బండను ఎంచుకున్నారు. ఆ బండ వాళ్లకు ఏదో అయి ఉండాలి. ఏ గీత ఏ గీతను కోసుకుంటూ పోయిందో భూతద్దంతో చూసి, ఏది ముందో ఏది వెనకో పండితులు వరస కడతారు.

ఆడవాళ్ల బొమ్మలు ప్రత్యేకం. పక్కకు తిరిగి, బలమైన తొడలతో, ముఖం లేకుండా నిండుగా నిలబడి ఉంటారు. వాటిలో ఏడుగురు వరసగా ఉన్న బండకు 'యెద్ది గొజాల్' అని పేరు, ఏడుగురు అందగత్తెలు అని అర్థం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గొలుసు. మనుషులు పక్కపక్కన నిలబడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కాళ్లు కొద్దిగా వంచి ఉన్న వరస. తలలు చుక్కలంత, ఒళ్లు పుల్లలంత. అయినా కదులుతున్నారని తెలిసిపోతుంది. అజర్‌బైజాన్ వాళ్లు ఈ బొమ్మ చూడగానే 'యల్లీ' అంటారు. పెళ్లిళ్లలో, పండగల్లో వేలో భుజమో పట్టుకుని గొలుసుకట్టుగా ఆడే ఆట అది, మన అరకు ధింసాలో నడుముల చుట్టూ చేతులు వేసి ఆడే వరస లాంటిది. నఖ్చివాన్ ప్రాంతపు యల్లీని 2018లో యునెస్కో తక్షణం కాపాడుకోవాల్సిన సంపదల జాబితాలో చేర్చింది. రాతి మీద ఉన్నవాళ్లకు లయ వేసింది గావల్ దాషే అని అక్కడి వాళ్లు గట్టిగా నమ్ముతారు. అది ఊహే. కానీ వరసకట్టి ఆడేవాళ్లకు అడుగు కలపడానికి ఏదో ఒక మోత కావాలి కదా. చప్పట్లో, తోలో, రాయో.

గట్టు మీద పడవలు

ఎండిన నేల మీద నిలబడి చూస్తుంటే బండ మీద పడవ కనిపిస్తుంది. పొడవాటి పడవ, లోపల వరసగా నిలువు గీతలు. ఆ గీతలే మనుషులు. కొన్ని పడవల ముక్కు మీద సూర్యుడి బొమ్మ ఉంది. ఎడారిలో పడవలు చెక్కినవాళ్లు కల కని చెక్కలేదు. కాస్పియన్ సముద్రం కదలని నీరు కాదు. దాని మట్టం ఇప్పుడు మహాసముద్రాల మట్టం కన్నా 28 మీటర్లకు పైగా కిందుంది, పూర్వం ఎన్నోసార్లు పైకి పాకి ఈ గుట్టల దిక్కుగా వచ్చింది. మన కాలంలోనే చూడండి, 1977 నుంచి 1995 లోపు రెండున్నర మీటర్ల దాకా పెరిగింది. ఇప్పుడు మళ్లీ తగ్గుతోంది.

ఈ పడవలు చూసి పరవశించిపోయిన వ్యక్తి థోర్ హెయర్‌డాల్. 1947లో బాల్సా దుంగల తెప్ప మీద పసిఫిక్ మహాసముద్రం దాటిన నార్వే సాహసి. 1981 నుంచి ఆయన అజర్‌బైజాన్‌కు మళ్లీ మళ్లీ వచ్చాడు. గోబుస్తాన్ పడవలకూ తన దేశపు రాతి పడవలకూ పోలిక ఉందనీ, తన పూర్వీకులు ఈ దిక్కు నుంచే వెళ్లారనీ వాదించి 2001లో పుస్తకం కూడా తెచ్చాడు. నార్వే చరిత్రకారులు ఒప్పుకోలేదు. పడవ పోలిక ఒక్కటి పట్టుకుని జనం వలస గీయడం నాకూ సరిగా తోచదు. కానీ జీవితమంతా తెప్పల మీద గడిపిన మనిషి ఆ గీతల్లో రెల్లు కట్టలతో కట్టిన పడవ వంపును గుర్తుపట్టాడంటే, ఆ చూపును కొట్టిపారేయలేను.

ఒక రోమన్ సైనికుడి పేరు

బోయుక్‌దాష్ కింద ఒక బండ మీద బొమ్మ కాదు, అక్షరాలున్నాయి. లాటిన్ అక్షరాలు. 1948లో బయటపడిన ఆ శాసనం చెప్పేది ఇంతే: డొమిషియన్ చక్రవర్తి కాలం, లూసియస్ జూలియస్ మాక్సిమస్, పన్నెండో లెజియన్ ఫుల్మినాటా. ఫుల్మినాటా అంటే పిడుగుల దళం. చక్రవర్తి బిరుదును బట్టి ఇది క్రీ.శ. 84-96 మధ్యది. ఆ దళం స్థావరం ఇప్పటి టర్కీలోని మలాత్యా. అక్కడి నుంచి కాకసస్ ప్రాంతం దాటి, కాస్పియన్ ఒడ్డుకు చేరి, మాక్సిమస్ తన పేరు చెక్కించుకున్నాడు. రోమన్లు వదిలిన శాసనాల్లో ఇంతకన్నా తూర్పున దొరికింది లేదు. వేల బొమ్మలు గీసిన వాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. వచ్చి పోయిన సైనికుడి పేరు మిగిలింది.

బొమ్మకు పొర ఉంటుంది, మోతకు ఉండదు

రాతి బొమ్మ వయసు ఎలా చెబుతారు? గుహ గోడ నుంచి బొమ్మ ఉన్న పెచ్చు ఊడి కింద పడుతుంది. దాని మీద మనుషులు మంట వేసుకున్న బూడిద, తిని పారేసిన ఎముకలు, దుమ్ము, పొర మీద పొర పేరుకుంటాయి. తవ్వినప్పుడు బొగ్గు వయసు తేల్చవచ్చు. బొమ్మ అంతకన్నా పాతదని ఖాయం. గోబుస్తాన్ గుహల్లో ఇలా పూడిపోయిన బొమ్మలు దొరికాయి. పాత రాతియుగం చివరి నుంచి మధ్యయుగాల దాకా అక్కడ మనుషుల జాడ ఉంది.

మరి మోత? గాల్లో పుట్టి గాల్లోనే పోతుంది, బూడిద పొరలో బొగ్గు ముక్కలా పడి ఉండదు. అందుకే చాలాకాలం పురావస్తు శాస్త్రం కళ్లతోనే నడిచింది. బొమ్మను కొలిచారు, ఫొటో తీశారు, పక్కనున్న బండను తట్టి చూడాలని తోచలేదు.

1980లలో ఫ్రాన్స్‌లో ఈగోర్ రెజ్నికాఫ్ అనే సంగీత పండితుడు, మిషెల్ దోవా అనే పురావస్తు శాస్త్రవేత్త వేరే దారి పట్టారు. రాతియుగపు చిత్రాలున్న గుహల్లోకి వెళ్లి, చీకట్లో గొంతెత్తి స్వరాలు పాడుతూ నడిచారు. ఎక్కడ గుహ బదులు పలుకుతుందో అక్కడ గుర్తు పెట్టుకున్నారు. తర్వాత బొమ్మలున్న చోట్లతో పోల్చి చూస్తే రెండూ చాలావరకు ఒకటే అయ్యాయి. గుహ బాగా పలికే చోటే ఎక్కువ బొమ్మలు వేశారు.

పొత్రాలు కావు, వాయిద్యాలు

పారిస్‌లోని మ్యూజే ద లొమ్మ్ మ్యూజియంలో సహారా ఎడారి నుంచి తెచ్చిన పొడవాటి రాతి కడ్డీలు ఉండేవి. గుండ్రంగా, నున్నగా, పొత్రంలా ఉన్నాయి కాబట్టి గింజలు దంచేవే అనుకుని అలాగే చీటీ అంటించి అరల్లో పెట్టారు. దశాబ్దాలు అలాగే గడిచాయి. అదే మ్యూజియంలో పనిచేసే ఎరిక్ గోంతియే ఒకనాడు ఒకదాన్ని తట్టాడు. అది మోగింది. అడుగున రెండు చోట్ల మెత్తటి దిండ్లు పెట్టి ఆనిస్తే చక్కటి స్వరం పలికింది. ఎవరో ఓపిగ్గా చెక్కి, నునుపు చేసి, స్వరం చూసుకుని తయారు చేసిన రాతి వాయిద్యాలవి. 2014లో పారిస్‌లో ఆ రాళ్లతో కచేరీ చేశారు. ఇన్నేళ్లూ అరల్లో ఉన్నది రోకలి కాదు, వీణ అంతటిది. తట్టి చూసేదాకా తెలియలేదు.

మన పక్కనే కుప్గల్ గుట్ట

ఇంత దూరం పోయి చెప్పుకున్నాక, పక్కూరి సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. బళ్ళారికి దగ్గర్లో సంగనకల్లు, కుప్గల్ గుట్టలున్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, మిగిలింది మైసూరుకు పోయింది. ఆ గీత మొన్నటిది. అంతకు నాలుగు వేల ఏళ్ల ముందు ఇదంతా ఒకే పశువుల కాపరుల సీమ. వాళ్లు దొడ్లలో పేరుకున్న పేడను కాల్చగా మిగిలిన బూడిద దిబ్బలు బళ్ళారి దగ్గరా ఉన్నాయి, అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఉన్నాయి, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోనూ ఉన్నాయి. ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వినప్పుడు బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి.

ఆ కాపరుల బొమ్మల చోటు కుప్గల్. బూడిదరంగు గ్రానైట్ గుట్ట నడుమ నుంచి నల్లటి డోలరైట్ రాతి గోడ ఒకటి పొడవునా పోతుంది. ఆ నల్లబండల మీద మూపురం ఉన్న, పొడవాటి కొమ్ముల పశువులు చెక్కి ఉన్నాయి. కొన్ని ఎంత అందని చోట ఉన్నాయంటే, పై నుంచి వేలాడితే తప్ప చెక్కలేరు. 1892లోనే ఈ బొమ్మల గురించి రాసినవాళ్లున్నారు. కానీ బండలు మోగుతాయన్న సంగతి పురావస్తు లోకానికి గట్టిగా చెప్పింది నికోల్ బువాన్ అనే పురావస్తు శాస్త్రవేత్త, 2004లో వెలువడిన తన పరిశోధనా వ్యాసంలో. ఆ ఊళ్లవాళ్లకు మాత్రం అది కొత్త కాదు. గోబుస్తాన్‌లో సున్నపురాయి, ఇక్కడ డోలరైట్. అక్కడ అడవి ఎద్దు, ఇక్కడ మచ్చిక చేసిన ఎద్దు. బొమ్మా మోతా ఒకే చోట ఉండటం మాత్రం రెండు చోట్లా ఒకటే.

బువాన్ ఆ వ్యాసం నాటికే గుట్ట చుట్టూ క్వారీలు నడుస్తున్నాయి, ఆమె ఆ ప్రమాదాన్ని గట్టిగా చెప్పింది. గోబుస్తాన్‌లో కంకర తవ్వేవాళ్ల కంటపడి బొమ్మలు బతికాయి. డోలరైట్ బండను ఒకసారి క్రషర్‌లో వేస్తే మిగిలేది రోడ్డుకు పోసే కంకర. నాలుగు వేల ఏళ్లు కంపనాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు మోసిన బిగువు, ముక్కలైన నిమిషంలో పోతుంది. అతికించి తిరిగి తెచ్చుకునే వస్తువు కాదు అది.

కుప్గల్ వెళితే ఏ బండ పలుకుతుందో వెతుక్కోవాల్సిన పని లేదు. అన్ని నల్లబండల్లోనూ కొన్నిటి మీదే, ఒకే చోట వేలసార్లు దెబ్బ తగిలి పడిన నున్నటి గుంటలుంటాయి. గ్రానైట్ గులకరాయి ఒకటి తీసుకుని, ఆ గుంటలోనే మెల్లగా తట్టాలి.